సింగన్నవలసలో 'రండి' రద్దయింది

మా మునిసిపాలిటీలో 'రండి' అనే మాట రద్దయిన రోజున నేను సెలవులో లేను. ఉండుంటే బాగుండేది. హెడ్ క్లర్కుని కాబట్టి ఆ ఉత్తర్వుని నా చేతులతోనే నోటీసు బోర్డుకి అంటించాల్సి వచ్చింది. అంటిస్తుంటే జమేదారు సూరప్పడు నా భుజం మీంచి తొంగిచూసి, "ఏటండీ బాబూ, డీయే ఏటన్నా పెంచినారేటి?" అని ఆశగా అడిగాడు.

"లేదు సూరప్పడూ, నీ నోరు మూయించారు" అన్నాను.

సూరప్పడి ఉద్యోగమే పిలవడం. ఆఫీసులో ఎవరి అర్జీ మీద విచారణ ఉంటే వాళ్ళని వరండాలో నిలబడి పిలవాలి. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు కలిపి ఒక్క కేక పెట్టాడంటే ఎదురుగా టీ కొట్లో ఉన్నవాడు గ్లాసు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు. అర్జీదారు మెట్లమీద కునికినా, బస్టాండులో ఎవరితోనో తగువు పడుతున్నా, ఆ కేక వెళ్ళి చెవి పట్టుకుని లాక్కొచ్చేది. ఇన్నేళ్ళలో సింగన్నవలస మునిసిపాలిటీ మీద రాని ఫిర్యాదంటూ ఉంటే అది ఒక్కటే, పిలుపు వినబడలేదన్నది.

ఆ పిలుపుని బాగుచేయడానికి కమిషనర్ ఫణీంద్రకుమార్ గారు నడుం కట్టారు. ఆయన ఏదో చల్లటి కొండమీద 'పౌర సత్కారం' అనే శిక్షణకి వెళ్ళి, ఓ శాలువా, ఓ ఫోటో, డాక్టర్ కీర్తివల్లభ్ అనే ఓ సలహాదారుణ్ణీ వెంటబెట్టుకుని దిగారు. దిగిన మర్నాడే మీటింగు.

"మిత్రులారా, పౌరుడు మన అతిథి" అని మొదలుపెట్టారు కమిషనర్ గారు. "అలాంటి అతిథిని మనం ఎలా పిలుస్తున్నాం? 'రా' అంటున్నాం. మహా అయితే 'రండి' అంటున్నాం. ఈ మాటలో అధికారం ఉంది, అహంకారం ఉంది, వలసపాలన వాసన ఉంది. ఇకపై ఈ కార్యాలయం ఎవరినీ రమ్మనదు. సాదరంగా ఆహ్వానిస్తుంది. ఆ ఆహ్వానం ఇంగ్లీషులో ఉంటుంది."

వలసపాలన వాసన పోగొట్టడానికి ఇంగ్లీషు చల్లుతున్నారన్నమాట. మేం చప్పట్లు కొట్టాం. మీటింగుల్లో మేం చప్పట్లు కొట్టకుండా వదిలేసింది ఇంతవరకూ ఏదీ లేదు.

తర్వాత కీర్తివల్లభ్ గారు లేచి, తెరమీద బొమ్మలు చూపిస్తూ పాఠం చెప్పారు. "ఇంగ్లీషువాడి పిలుపులో స్వేచ్ఛ ఉంది. 'డ్రాప్ ఇన్' అంటాడు. అటుగా పోతూంటే ఓ అడుగు ఇటు వెయ్యమని. వెయ్యకపోయినా ఏమీ అనుకోడు. 'పాప్ ఇన్' అంటే చటుక్కున వచ్చి చటుక్కున వెళ్ళమని. 'కమ్ ఓవర్' అంటే కాస్త తీరిక చేసుకుని రమ్మని. ఎక్కడా బలవంతం లేదు చూడండి! రావడం, రాకపోవడం అతిథి ఇష్టం."

నేను ఉండబట్టలేక చెయ్యెత్తాను. "అయ్యా, మా వైపు 'వీలుంటే రండి' అంటే రావద్దని అర్థమండి. పెళ్ళికి అలా పిలిచినవాళ్ళ గడప మళ్ళీ ఎవరూ తొక్కరు. ఇంటికెళ్ళి, బొట్టు పెట్టి, చెయ్యి పట్టుకుని, 'మీరు రాకపోతే నామీద ఒట్టే' అంటే గానీ కదలరు. మొదటి పిలుపుకే లేచొస్తే లోకువైపోతామని రెండో పిలుపు కోసం కాచుక్కూచునే జనం ఇక్కడ."

కీర్తివల్లభ్ గారు జాలిగా నవ్వి, "ఒట్టు పెట్టడం మానసిక హింస కిందికి వస్తుంది" అన్నారు. "రెండోసారి పిలవడం వేధింపు కిందికి వస్తుంది. మీరు మంచి విషయాలు లేవనెత్తారు. రెండింటినీ నిషేధిద్దాం."

అలా నా పుణ్యాన ఉత్తర్వులో ఓ కొత్త క్లాజు చేరింది. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి పౌరునికి ఆహ్వానము ఒక్కసారి మాత్రమే పలుకవలెను. సదరు ఆహ్వానమునకు బదులు రానిచో, సదరు పౌరుడు ఆహ్వానమును మర్యాదపూర్వకముగా నిరాకరించినట్లు భావించి, ఫైలును ముగించవలెను.' ఇదంతా తెలుగులోనే ఉంది. ఉద్యోగులకి అర్థం కావాలిగా. అర్థం కానక్కర్లేనిది పౌరుడికే.

ఆ సాయంత్రంనుంచే సూరప్పడికి కీర్తివల్లభ్ గారి దగ్గర శిక్షణ మొదలైంది. కాంట్రాక్టర్లు వస్తే 'కమ్ రైట్ ఇన్' అనాలి, కుర్చీ లాగాలి. పన్ను కట్టడానికి వచ్చినవాడికి 'స్టెప్ ఇన్'. అభ్యంతరాలూ తగువులూ పట్టుకొచ్చే రకానికి మటుకు పొడుగాటిది, 'ఇఫ్ యూ హాపెన్ టు బి అరౌండ్, డూ డ్రాప్ ఇన్.' ఈ చుట్టుపక్కలే ఉంటే ఓసారి తొంగిచూసి పొండి అని దాని భావం.

"బాబూ, నా నోరు తిరగదండి" అని సూరప్పడు చేతులు జోడించాడు.

"తిరుగుతుంది. కేకలొద్దు. టీ బల్లకి అవతల కూచున్న స్నేహితుడితో మాట్లాడుతున్నట్టుండాలి. గొంతులో పట్టు ఉండాలి, పట్టు. మెత్తగా."

"నా గొంతులో పట్టెక్కడిదండీ, గోనెగుడ్డే."

కీర్తివల్లభ్ గారు వదల్లేదు. వేడినీళ్ళు తాగించారు, అద్దం ముందు నవ్వించారు. వారం తిరిగేసరికి సూరప్పడి కేక కాస్తా దగ్గు స్థాయికి దిగింది. చూసి కమిషనర్ గారు పొంగిపోయి ఇంకో సంస్కరణ చేశారు. జనం మధ్య నిలబెట్టి ఇంటిపేరూ తండ్రి పేరూ చదవడం ముద్దాయిని పిలిచినట్టుందట. కాబట్టి పేర్లు తీసేశారు. అందరికీ 'డియర్ ఫ్రెండ్' ఒక్కటే.

ఇలాంటి సమయంలో వచ్చింది పోలమ్మ విచారణ.

గుంట పోలమ్మ ఎండుచేపలు అమ్ముకునే మనిషి. కాలువగట్టు వీధిలో మొదటి ఇల్లు ఆమెదే. మొగుడు పోయేముందు కట్టిన రెండు గదుల పెంకుటిల్లు. ఆ వీధి వెడల్పు చేస్తున్నాం, ఇల్లు తీసేస్తాం, అభ్యంతరం ఉంటే చెప్పుకోమని మేమే నోటీసిచ్చాం. ఆమె అభ్యంతరం చాలా చిన్నది. రోడ్డు గీత చెరువువైపునుంచి తిన్నగా వస్తే అవతలి పక్క కాంట్రాక్టరు ధనుంజయ కొత్తగా లేపిన మేడ వసారాలోంచి పోతుంది. మా ప్లానులో అది మేడ దగ్గరికొచ్చేసరికి వంకర తిరిగి పోలమ్మ వంటింట్లోకి దూరింది. ఈ సంగతి విచారణలో ఆమె నోటితో చెబితే రికార్డులోకెక్కుతుంది. ఎక్కితే కొలతలు మళ్ళీ వెయ్యక తప్పదు. చెప్పకపోతే ఇల్లు పోతుంది. వ్యవహారమంతా ఇంతే.

ఆ వేళ పోలమ్మ ఆఫీసు తలుపులు తియ్యకముందే వచ్చి వరండాలో గోడవార కూచుంది. ఉతికిన చీర కట్టుకుంది. బుట్ట ఇంటిదగ్గరే వదిలేసి, చేపలవాసన రాకుండా చేతులకి నిమ్మకాయ రుద్దుకుని మరీ వచ్చిందని తర్వాత తెలిసింది.

విచారణ హాల్లో కమిషనర్ గారు, కీర్తివల్లభ్ గారు, ప్లానింగ్ ఆఫీసరు, రాసుకోడానికి నేను. సూరప్పడు గుమ్మం దగ్గర నిలబడి, అలవాటుకొద్దీ ఛాతీనిండా గాలి పీల్చి, కీర్తివల్లభ్ గారు కళ్ళెర్రజేసేసరికి ఆ గాలంతా వదిలేసి, మీసాల్లోనే అన్నాడు. "డియర్ ఫ్రెండ్, ఇప్పూ హాపన్ టు బీ రౌండు, డూ డాపిన్."

వరండాలో బోలెడుమంది ఉన్నారు. ఎవరూ కదల్లేదు. ఓ పెద్దమనిషి మాత్రం సూరప్పడికి ఒంట్లో బాగాలేదేమోనని మంచినీళ్ళు ఇవ్వబోయాడు.

నాకు కిటికీలోంచి పోలమ్మ కనబడుతోంది. అంత దగ్గర. నేను లేచి, "పోలమ్మా" అని నోరు తెరవబోయాను.

"హెడ్ క్లర్కుగారూ!" అన్నారు కమిషనర్ గారు. "అతిథి మౌనాన్ని గౌరవించండి. సమయం లేకనో, ఆసక్తి లేకనో ఆమె రాలేదు. ఎందుకు రాలేదని అడగడం సంస్కారం కాదు. రాసుకోండి, సదరు అర్జీదారు ఆహ్వానమును నిరాకరించినారు."

రాశాను. చెయ్యి నాదైనా రాత సర్కారుది. విచారణ ముగిసింది, కాఫీలొచ్చాయి. మధ్యలో ధనుంజయ వచ్చాడు. 'కమ్ రైట్ ఇన్' అన్న మాట మాత్రం సూరప్పడి నోట్లోంచి శుభ్రంగా, గట్టిగా వచ్చింది.

మధ్యాహ్నం బయటికొచ్చి పోలమ్మకి చెప్పాను. ఆమె నమ్మలేదు.

"నన్ను పిలిసినారా? ఎవులు పిలిసినారు బాబూ? నాను పొద్దున్నించి ఇక్కడే కూకున్నాను. నీళ్ళకి కూడా లెగలేదు."

"పిలిచారమ్మా. ఇంగ్లీషులో."

"ఇంగిలీసులో నన్నెందుకు పిలస్తారు? నానేటి కలకటేరు పెళ్ళాన్నా?" అంది. "పోనీ, ఇప్పుడు మళ్ళీ పిలమనండి. ఒచ్చీస్తాను."

"మళ్ళీ పిలిస్తే వేధింపు అవుతుందట."

"నన్ను పిలిస్తే నాకు యేదింపా? ఇల్లు కూలగొడితే కాదా?"

సూరప్పడు పక్కకి తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "రాపోతే రానన్నట్టేనంట అప్పా. మాటాడకుంటే మరియాదగా వొద్దన్నట్టంట. ఇదీ ఈళ్ళ రూలు" అన్నాడు.

"మాటాడకుంటే వొద్దన్నట్టా?" అని పోలమ్మ ఆ మాటే తిప్పి అడిగి, లేచి కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఇక మా ఆఫీసు దశ తిరిగింది. ఏళ్ళతరబడి బీరువాల్లో మగ్గుతున్న అర్జీలన్నీ నెల తిరక్కుండా తేలిపోయాయి. కుళాయి కావాలన్నవాళ్ళు నిరాకరించారు. పింఛను ఆగిపోయిందన్నవాళ్ళు నిరాకరించారు. మురుగు ఇంట్లోకొస్తోందన్న వీధి వీధంతా మర్యాదపూర్వకంగా నిరాకరించింది. ఈ మునిసిపాలిటీ ఎవరికీ ఏదీ లేదనలేదు. జనమే వద్దన్నారు. ఇంత సుఖంగా పరిపాలన సాగించవచ్చని పూర్వపు రాజులకి తోచకపోవడం ఆశ్చర్యం.

ఊళ్ళో తక్కిన సంస్థలకీ మోజు పుట్టింది. ఆస్పత్రిలో కాంపౌండరు గుమ్మంలోకొచ్చి 'డూ స్టెప్ ఇన్' అని గొణిగి లోపలికెళ్ళేవాడు. రోగులు బెంచీమీదే సాయంత్రందాకా మూలుగుతూ కూచుని, మూలగడం కూడా మౌనం కిందే జమకట్టడంవల్ల, వైద్యాన్ని నిరాకరించి ఇళ్ళకెళ్ళేవారు. ఫైర్ స్టేషన్ వాళ్ళు మరీ సున్నితమైపోయారు. గడ్డివాము అంటుకుందని ఒకతను ఫోన్ చేసి "బేగి రండి బాబూ!" అని అరిస్తే, ఇంత మొరటుగా పిలిస్తే ఎలా వస్తామని నొచ్చుకున్నారు. అతను 'కమ్ ఓవర్' నేర్చుకునేలోగా వాములో కాలవలసిందేమీ మిగల్లేదు. ఈ అవివేకానికి నవ్వాలో, నెత్తి కొట్టుకోవాలో నాకు తెలిసేది కాదు. ఇంటికెళ్ళి నెత్తి కొట్టుకునేవాణ్ణి.

ఆ తర్వాత మమ్మల్ని ఓ సర్కారు అవార్డుకి ఎంచారు. పెండింగ్ ఫైలు ఒక్కటీ లేని పురపాలక సంఘం మాదేనట. పరిశీలనకి రాజధానినుంచి బృందం వస్తోంది. వాళ్ళు వచ్చేసరికి కాలువగట్టు రోడ్డు కూడా తళతళలాడాలని కమిషనర్ గారి పట్టుదల. మూలమీద పోలమ్మ ఇల్లు ఉంది.

కూల్చివేతకి యంత్రం బయల్దేరబోతుంటే కీర్తివల్లభ్ గారు అడ్డం పడ్డారు. "ఖాళీ చేయించడం కూడా పిలుపే కదా సర్? లోపలికి పిలవడానికో మర్యాద, బయటికి పిలవడానికో మర్యాదా? బృందం దీన్నే చూస్తుంది. 'వుడ్ యూ కేర్ టు స్టెప్ అవుట్?' అందాం. జనం యంత్రాన్ని చూసి ఎలాగూ వచ్చేస్తారు."

కమిషనర్ గారు ముచ్చటపడి ఉత్తర్వుని సవరించారు. బయటికి ఆహ్వానం అందుకుని పౌరుడు స్వయంగా గడప దాటితేనే కూల్చివేత.

మొదటిరోజు ప్లానింగ్ ఆఫీసరు వెళ్ళాడు, కూడా నేను, సూరప్పడు, పసుపుపచ్చ యంత్రం. పోలమ్మ గడపకి లోపలివైపు పీటేసుకుని చింతపండు పిక్కలు తీస్తోంది. సూరప్పడు ముందుకెళ్ళి మెత్తగా, పట్టుగొంతుతో, కీర్తివల్లభ్ గారు ఎలా నేర్పారో అచ్చం అలాగే అన్నాడు. "డియర్ ఫ్రెండ్, ఉడ్యూ కేర్ టు స్టెప్పౌట్?"

పోలమ్మ వాడికేసి చూసింది. నాకేసి చూసింది. మళ్ళీ చింతపండులోకి తల వంచుకుంది. పలకలేదు.

"ఏంటండీ ఇప్పుడు?" అన్నాడు ప్లానింగ్ ఆఫీసరు.

"నిరాకరించిందండి, మర్యాదపూర్వకంగా" అంటూ ఫైల్లో రాసేశాను. ఈ ఉద్యోగంలో చేరాక ఓ వాక్యం అంత తృప్తిగా రాసింది ఆ రోజే. రెండోసారి పిలవడానికి వీల్లేదు కాబట్టి యంత్రంతో సహా వెనక్కొచ్చేశాం.

మర్నాడు కొత్త ఫైలు పెట్టి, కొత్త ఆహ్వానం పట్టుకెళ్ళాం. పోలమ్మ వంకాయలు తరుగుతోంది. తరుగుతూనే ఉంది. ఆ మర్నాడు గీతలో పడ్డ పక్కింటికి వెళ్ళాం. ఆ ఇంటివాళ్ళూ పలకలేదు. చివరికి కాలువగట్టు వీధిలో మా యంత్రం కనబడితే చాలు, చంటిపిల్లలతో సహా అందరూ నోళ్ళు మూసుకుని ఇళ్ళలో కూచునేవారు. అంత మర్యాదస్తుల వీధి జిల్లాలో ఇంకోటి లేదు.

బృందం వచ్చే రోజు వచ్చేసింది. ముగ్గురు అధికారులు, వాళ్ళ నాయకురాలు ఓ నడివయసు ఆవిడ, కాటన్ చీర, కళ్ళజోడు. కమిషనర్ గారు స్వయంగా వాళ్ళని కాలువగట్టుకి తీసుకొచ్చారు, ఆహ్వాన విధానం కళ్ళారా చూపించడానికి. పోలమ్మ ఎలాగూ వస్తుందని ఆయన ధీమా. ఆయనంతటివాడు పిలిస్తే రాకపోవడమా?

ఆయన టై సవరించుకుని, గడప ముందు వంగి, చిరునవ్వుతో, "డియర్ ఫ్రెండ్, వుడ్ యూ కేర్ టు స్టెప్ అవుట్?" అన్నారు. యంత్రం వెనక గుర్రుమంటోంది. పోలమ్మ లోపల ఎండుచేపలకి ఉప్పు దులుపుతోంది. ఉప్పు నేలమీద రాలుతోంది. మాట లేదు.

"ఆమె నిరాకరిస్తోంది" అని కీర్తివల్లభ్ గారు బృందానికి గర్వంగా వివరించారు. "ఇదే మన విధానం సాధించిన స్వేచ్ఛ."

కమిషనర్ గారి చిరునవ్వు అలాగే ఉంది గానీ చెవులు ఎర్రబడ్డాయి. 'స్టెప్ అవుట్' పోయి 'కమ్ అవుట్' వచ్చింది, 'కమ్ అలాంగ్' వచ్చింది, ఓ 'పాప్ అవుట్' కూడా దొర్లింది. రెండోసారి పిలవకూడదన్న క్లాజు ఎటుపోయిందో ఎవరూ అడగలేదు. పోలమ్మ ఓ చేప తోక పట్టుకుని గడపకేసి విదిల్చింది. ఉప్పు వెళ్ళి ఆయన బూటుమీద పడింది.

అంతే. శిక్షణ, శాలువా, కొండగాలి, అన్నీ ఒక్కసారి ఎగిరిపోయాయి.

"ఒసే ముసల్దానా! పోలమ్మా! నీకే చెప్పేది, బయటికి రావే!"

సూరప్పడు బాగున్న రోజుల్లో కూడా అలాంటి కేక పెట్టలేదు. వీధి చివర కుక్కలు లేచి నిలబడ్డాయి. పోలమ్మ చేపని చేటలో పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. లేచి, గడప దాటి, తిన్నగా వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఒచ్చినాను బాబూ" అంది. "ఈ పిలుపేదో ఆయేళ పిలిసుంటే పరిగెట్టుకుని ఒచ్చీదాన్ని కాదేటి? నువ్వు లోపలికి పిలవాల్సినప్పుడు నాకు తెలీని మాటలో పిలిసినావు. ఇల్లు పడగొట్టడానికొచ్చి తెలిసిన మాటలో పిలస్తన్నావు."

కమిషనర్ గారు నోరు తెరిచారు. ఏ భాషా రాలేదు. పక్కనుంచి కీర్తివల్లభ్ గారు సన్నగా, "సర్, గడప దాటింది. ఉత్తర్వు ప్రకారం ఇప్పుడు కూల్చవచ్చు" అని గుర్తుచేశారు. సిగ్గులేని మనిషి. ప్లానింగ్ ఆఫీసరు యంత్రంకేసి చెయ్యెత్తబోయాడు.

కళ్ళజోడు ఆవిడ పోలమ్మకేసి ఓ అడుగు వేసింది.

"ఆ వేళ పిలిస్తే ఏం చెప్పేదానివమ్మా?"

"గీత సంగతి సెప్పీదాన్ని తల్లీ" అంది పోలమ్మ. అవతలి పక్క మేడకేసి చెయ్యి చాపింది. ధనుంజయ వసారాలోంచి చటుక్కున లోపలికి తప్పుకున్నాడు. "సెరువుకాడ నిలబడి సూడు. రోడ్డు తిన్నంగా ఎటెల్తాది? ఆ మేడలోకెల్తాది. కాయితంలో మటుకు నా పొయ్యిలోకొచ్చింది. నాను ఈ మూల పుట్టి బుద్దెరిగినకాణ్ణించి ఈ దారి ఎప్పుడూ వొంకర తిరగనేదు. మరి ఇప్పుడెవులు తిప్పినారు? అడగడానికే ఒచ్చినాను ఆయేళ. నిమ్మకాయెట్టి సేతులు కడుక్కునొచ్చినాను."

యంత్రం చప్పుడులో ఆమె మాటలు సగం కొట్టుకుపోతున్నాయి. ఆవిడ చెవి దగ్గరపెట్టి వింటోంది. వీధిలో ఒక్కో తలుపే తెరుచుకుని, ఇన్నాళ్ళూ నోరు మూసుకున్న జనమంతా గుమ్మాల్లోకొచ్చి నిలబడ్డారు. యంత్రాన్ని ముందుకు పొమ్మని గానీ, ఆగమని గానీ ఎవరూ చెప్పలేదు. డ్రైవరే తల బయటికి పెట్టి, పోలమ్మ ఏం చెబుతోందో సరిగ్గా వినబడక, ఇంజను ఆపేశాడు.